సరా అంటే సరి

పోయినవారం ఆ పిల్లని మనం ఎక్కడ వదిలేసి వచ్చామో గుర్తుందిగా? మిషన్ల గదిలో, పచ్చ బటన్ మీద వేలు పెట్టి, ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉంది. మనమేమో ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాం. అంట్లు, బట్టలు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. పాపం ఆ పిల్ల వేలు మాత్రం వారం రోజులుగా ఆ బటన్ మీదే ఉంది.

కథ మధ్యలో వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ పిల్లది పెద్ద చదువు. ఒంట్లో ఏ పని వెనకాల ఏ రసం ఉందో వెతికి పట్టుకునే చదువు, బయోకెమిస్ట్రీ అంటారు. నాలుగేళ్ళు గొడ్డుచాకిరీ చేసి ఒక ఎంజైముని పోగుచేసింది. పోగుచేసిన ప్రతి విడతకీ ఒక నంబరు వేసి, పక్కన చిన్న చుక్క గుర్తు పెట్టి, మంచుకంటే చల్లగా ఉండే పెద్ద ఫ్రీజరులో దాచుకుంది. అందులో పదమూడో విడత అన్నిటికంటే మేలైనది. రెండు వారాల కిందట ఆ ఫ్రీజరు ఆగిపోయింది. ఆగితే మోగాల్సిన గంట మోగలేదు. సోమవారం పొద్దున్న తలుపు తీస్తే నాలుగేళ్ళ కష్టం గోరువెచ్చటి బురదనీళ్ళయి కూర్చుంది. గైడు మేడమే దగ్గరుండి అన్నీ పారబోయించింది. పదమూడోది కూడా పోయిందని ఆవిడే చెప్పింది, చెప్పి భుజం తట్టింది. వేరే గదిలో మరిచిపోయిన ఒక అట్టపెట్టెలో మాత్రం పాత సరుకు కాస్త మిగిలింది. పోస్తే మూడే మూడు ట్యూబులు. ఆ మూడింటిని మిషనులో తిప్పి, అందులోంచి శుభ్రమైన ఎంజైముని పొరగా విడదీస్తేనే థీసిస్. నెలాఖరుకి చూపించకపోతే ఐదేళ్ళ గడువు దాటిపోతుంది, సీటు పోతుంది. అంతే సంగతి.

అందుకే ఆ వేలు బటన్ మీద అలా ఆగిపోయింది.

ఇక ఆ గదిలో ఒక పద్ధతుంది, అది చెప్పుకోకపోతే ఈవేళ జరిగిందేదీ అర్థం కాదు. ఆ పద్ధతి పెట్టినవాడు మిషన్ల బాబాయి. ఆయన రక్తసంబంధానికి ఎవరికీ బాబాయి కాదు, పిలుపుకి ఊరందరికీ బాబాయే. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ గది తాళాలు ఆయన జేబులోనే ఉన్నాయి. వాళ్ళ నాన్న ధాన్యం కొట్లో తూకాలు వేసేవాడట. త్రాసు పట్టుకున్నవాడు "సరా?" అని అడిగితే, ముల్లు చూసేవాడు "సరి" అనేదాకా బస్తా కదలకూడదు. బాబాయి ఆ మాటని తెచ్చి ల్యాబులో పెట్టాడు. ట్యూబులు తూచి పెట్టేది ఒకరు, బటన్ నొక్కేది ఇంకొకరు. నొక్కేవాళ్ళు "సరా?" అనాలి. తూచినవాళ్ళు "సరి" అనాలి. ఊఁ కొడితే చెల్లదు. ఓకే అంటే చెల్లదు. తల ఊపితే అసలే చెల్లదు, ఎందుకంటే నొక్కే మనిషి కళ్ళు మిషను మీద ఉంటాయి గానీ మీ తల మీద ఉండవు.

ఎందుకింత రాద్ధాంతం అంటే, బట్టలుతికే మిషనులో తడిసిన దుప్పటి ఒక పక్కకి చేరినప్పుడు అది ఎలా దడదడలాడుతుందో మీరు చూసే ఉంటారు. గదంతా నడుచుకుంటూ పోతుంది. అది నిమిషానికి వెయ్యిసార్లు తిరిగితేనే అంత గొడవ. ఈ గదిలో మిషను, సెంట్రిఫ్యూజ్ అంటారు, నిమిషానికి ముప్పైవేలసార్లు తిరుగుతుంది. లోపల తిరిగేది దుప్పటి కాదు, రోలంత బరువున్న లోహపు దిమ్మ. దాన్ని రోటరు అంటారు. దాని చుట్టూ ట్యూబులు ఎదురెదురుగా కూర్చుంటాయి. ఎదురుబొదురు ట్యూబుల బరువు చింతగింజంత తేడా వచ్చినా ఇక ఆ దిమ్మ ఎటు పోతుందో చెప్పలేం.

ఒకసారి పోయింది కూడా. ఇరవయ్యేళ్ళ కిందటి మాట. ఎవరో తొందరపడి తూచకుండా తిప్పారు. రోటరు ఇరుసు తెంచుకుని, మూత చీల్చుకుని, ఎదురు గోడకి తగిలింది. మనిషి తల పట్టేంత గుంట పడింది. ఆ సమయానికి గదిలో ఉన్న బాబాయికి ప్రాణం దక్కింది గానీ ఎడమ చెవి పోయింది. ఆ తర్వాతే ఈ సరా సరి పద్ధతి పెట్టాడు. గోడకి సిమెంటు వేస్తామంటే వేయనివ్వలేదు. గుంట మీద ఒక క్యాలెండరు తగిలించి, కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఒకసారి ఎత్తి చూపిస్తాడు. చూపించి ఏమీ చెప్పడు. క్యాలెండరు దించేస్తాడు.

మన పిల్ల చేరిన మొదటి రోజు ఆ గుంట చూసింది. ఆనాటి నుంచి దాని నోట ఆ మాట ఊతపదమైపోయింది. మిషను దగ్గరే కాదు, కుర్చీ లాగినా "సరా?", గొడుగు మూసినా "సరా?". వెనకాల చేరిన పిల్లలందరూ సరాక్క అని పేరు పెట్టేశారు. మొదట్లో ఉడుక్కుంది, తర్వాత అలవాటైపోయింది.

అలాంటి సరాక్క ఆవేళ మధ్యాహ్నం పచ్చ బటన్ మీద వేలు పెట్టి, వెనక్కి తిరక్కుండా అడిగింది.

"సరా?"

ఆవేళ తూకం పని అప్పజెప్పిన కొత్తమ్మాయి, వెనకాల తలుపు పట్టుకుని నిలబడి అంది. "సరి అక్కా."

నొక్కేసింది.

మిషను గొంతు సవరించుకున్నట్టు ఒకసారి గురగురమంది. తర్వాత కాస్త ఒణికింది. పక్కనున్న గాజుసామాను టకటకమంది. పాత మిషను కదా, ఎక్కేటప్పుడు ఎప్పుడూ కాస్త ఒణుకుతుంది. ఈసారి ఎక్కువ ఒణికిందా అని పిల్లకి అనుమానం వచ్చింది గానీ, తన చేతులే ఒణుకుతున్నప్పుడు ఏది మిషను ఒణుకో ఏది తన ఒణుకో ఎలా తెలుస్తుంది? అంకెలు ఎగబాకాయి. వేలు దాటాయి, పదివేలు దాటాయి. ముప్పైవేలు చేరేసరికి మిషను తుమ్మెదలా సన్నగా ఒకటే మోత పెట్టి నిలకడ పట్టింది.

అయినా పిల్ల అరగంటసేపు ఆ అంకె మీదనుంచి చూపు తిప్పలేదు. చూపు తీస్తే అంకె పడిపోతుందేమో అన్నట్టు కూర్చుంది. కొత్తమ్మాయి పక్కన స్టూలు మీద కూర్చుని వాళ్ళ హాస్టలు గదిలో బల్లి సంగతి, దాన్ని తరమబోయి ముగ్గురు మంచమెక్కిన సంగతి చెప్పుకుపోతోంది. చేరి రెండు నెలలే అయింది. కళగల పిల్ల, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, కాకపోతే చెప్పనిది ఊహించుకుని మరీ చేస్తుంది.

అరగంటయ్యాక సరాక్క లేచి లాగ్ బుక్కు తెరిచింది. ఎవరు తిప్పారు, ఏ రోటరు, ఎంత వేగం, ఏ ట్యూబు ఎంత బరువు, అన్నీ అందులో రాయాలి. నిజానికి బటన్ నొక్కకముందే రాయాలి. ఈ మిషను అందరికీ ఒకటే, మన ల్యాబుకి నెలకి ఒక పూట వంతు వస్తుంది. సరిగ్గా తిప్పబోయే ముందు మేడమ్ ఫోన్ చేసి పిలిచి పావుగంట నిలబెట్టింది. వచ్చేసరికి టైమైపోతోందని, ఎన్నడూ లేనిది, రాత తర్వాతకి పెట్టుకుంది. ఎన్నడూ తప్పని మనిషి తప్పేది అలాంటి రోజే.

పేరు రాసింది. వేగం రాసింది. బరువుల గడి దగ్గరికి వచ్చి, తల ఎత్తకుండానే నాలుగు ట్యూబుల బరువులు చెప్పమంది.

కొత్తమ్మాయి బల్లి కథ ఆపింది.

"ఏ బరువులక్కా?"

కలం ఆగింది. పిల్ల మెల్లగా తలెత్తింది. "తూచావు కదా, ఆ బరువులు."

తూకం యంత్రం ఖాళీగా లేదక్కా అంది కొత్తమ్మాయి. అయినా బెంగ పెట్టుకోవద్దంది. నాలుగింటిలోనూ సమానంగా గీత దాకా పోశానని, వెంట్రుకవాసి తేడా లేదని, కళ్ళకెదురుగా పట్టుకుని మరీ చూశానని చెప్పింది. చెబుతూ మెచ్చుకోలు కోసం చూసింది పాపం.

మనకి అర్థం కావడానికి ఒక మాట. ట్యూబులు నాలుగు. మూడింట్లో చిక్కటి పంచదార పాకం లాంటి ద్రవం, దాని మీద మన పిల్ల సరుకు. నాలుగోది ఉత్తిది. మూడో ట్యూబుకి ఎదురుగా బరువు ఉండాలి కాబట్టి జోడీ కోసం పెట్టిన నీళ్ళ ట్యూబు. తేనె గ్లాసు, నీళ్ళ గ్లాసు ఒకే గీత దాకా పోసి చేతిలో పట్టుకు చూడండి. గీత సమానమే. బరువు సమానమా?

"మరి నేను సరా అంటే సరి అన్నావు" అంది సరాక్క.

"అవునక్కా. నొక్కనా అని అడిగారు కదా. సరే, నొక్కండి అని... సరి అన్నాను."

చూశారా? ఇంతే. బాబాయి ఇరవయ్యేళ్ళు కాపాడుకొచ్చిన మాట. దానికి రెండు ముఖాలున్నాయని ఎవరికీ తట్టలేదు. తూచాను, సమానం అన్నదీ సరి. అలాగే కానివ్వు అన్నదీ సరి. కొత్తమ్మాయికి గుంట చూపించిన రోజున బాబాయి ఎప్పటిలాగే ఏమీ చెప్పకుండా క్యాలెండరు దించేశాడు. సరాక్క ఏమో, అందరికీ తెలిసిన మాటే కదా అని విడమరిచి చెప్పలేదు. కొత్తమ్మాయి అబద్ధం ఆడలేదు. తనకి తెలిసిన మాట తనకి తెలిసినట్టు అంది.

సరాక్క కలం బుక్కు మీద పెట్టేసింది. బల్ల అంచు పట్టుకుంది. మిషను అదే సన్నటి మోత మోగుతోంది. అరగంటగా నిద్రపుచ్చినట్టున్న ఆ మోత ఇప్పుడు పళ్ళ మధ్య దారం లాగినట్టు వినిపించింది. రెండంగల్లో వెళ్ళి ఎర్ర బటన్ మీదకి చెయ్యి చాపింది.

"ముట్టుకోకు తల్లీ."

గుమ్మంలో బాబాయి. చేతిలో అన్నం డబ్బా ఉంది. ఏం జరిగిందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. వరండాలో నడుస్తూనే, పనిచేసే ఆ ఒక్క చెవితోనే మోతలో తేడా పట్టేశాడు. డబ్బా అక్కడే నేల మీద పెట్టి, చెప్పులు విడిచి, పసిపిల్ల నిద్రపోతున్న గదిలోకి వచ్చినట్టు వచ్చాడు. మిషను మీద అరచెయ్యి ఆనించాడు. చెయ్యి తీసి, సరాక్క మొహం చూశాడు, లాగ్ బుక్కులో ఖాళీ గడి చూశాడు. ఇక అడగాల్సిందేమీ మిగల్లేదు.

బొంగరం తెలుసు కదా అన్నాడు. జోరుగా తిరిగేటప్పుడు కదలకుండా నిలబడుతుంది. ఎప్పుడు తూలుతుంది? ఆగిపోయే ముందు. ఇదీ అంతే. ఇప్పుడు ముప్పైవేల మీద నిలబడింది కాబట్టి బుద్ధిగా ఉంది. కిందికి దిగుతూ వెయ్యి దగ్గరికి వచ్చేసరికి తూలుతుంది. ఎక్కేటప్పుడు ఆ చోటు గబుక్కున దాటేసింది, అదృష్టం. దిగేటప్పుడు దాటించాలి.

దాటించడానికి దారులు రెండు. బ్రేకు వేసి దించితే వెయ్యిని చటుక్కున దాటేస్తుంది, మనుషులకి భయం తక్కువ. కానీ ఆ కుదుపుకి ట్యూబుల్లో పొరలు పొరలుగా విడుతున్న సరుకంతా కలిసిపోతుంది. గిలక్కొట్టినట్టయిపోతుంది. బ్రేకు లేకుండా వదిలేస్తే దానంతటదే గంటో గంటన్నరో తిరిగి తిరిగి నెమ్మదిగా ఆగుతుంది. పొరలు చెదరవు. కానీ ఆ వెయ్యి దగ్గర నిమిషాల తరబడి తూలుతూ కూర్చుంటుంది. ఇరుసు పట్టుకుంటుందా, తెగుతుందా, దానికీ మనకీ రాసిపెట్టినట్టు.

"సరుకు మూడు ట్యూబులేనా?" అన్నాడు చివరికి.

ఆమె తల ఊపింది. తల ఊపితే చెల్లని గదిలో.

అప్పుడు కొత్తమ్మాయి, గోడకి అతుక్కుపోయి ఉన్నది, ఒక మాట అడిగింది. ఆ అమ్మాయికి పుస్తకం చదువు బాగా వచ్చు. తూకం తప్పితే మిషను దానంతటదే ఆగిపోవాలి కదా, ఒణుకు పట్టుకుని కరెంటు ఆపే కాపలా ఒకటి లోపల ఉంటుందని చదివాను, అది ఎందుకు ఆపలేదు బాబాయ్ అంది.

బాబాయి క్యాలెండరు కేసి చూశాడు.

సరాక్క ఆయన్ని ఐదేళ్ళుగా ఎరుగును. ఆయన చూపు ఎటు పోతే ఎందుకు పోతుందో ఎరుగును. "బాబాయ్. కాపలా ఉందా, లేదా?"

"లేదు. నేనే పీకేశాను."

చెప్పి, మొహం కప్పుకోలేదు, తప్పించుకోలేదు. ఏడాది కిందట అది చీటికీ మాటికీ ఊరికే ఆపేస్తుండేదట. బాగుచేయించడానికి కంపెనీ మనిషి రావడం లేదు. పిల్లల పనులు ఆగిపోతున్నాయి. మేడమ్ పిలిపించి, ఆ తీగ ఒక్కటి తీసేయండి, మీరున్నారుగా, మీ పద్ధతి ఉందిగా, దాన్ని మించిన కాపలా ఏముంది అన్నదట. ఆ మాటకి పొంగిపోయానమ్మా అన్నాడు. చెవి పోగొట్టుకున్నవాణ్ణి, నాకు తెలియదా? తెలిసే తీశాను. రోజూ ఈ గదిలోకి వచ్చేటప్పుడు ఆ క్యాలెండరు వైపు చూడకుండా వస్తున్నాను.

సరాక్కకి ఆయన మీద కోపం రావాలి. రాలేదు. దానికీ చోటుండాలి కదా మనసులో, భయమే నిండా కూర్చుంది. ఈ గదిలో తనకంటే జాగ్రత్త ఉన్నవాళ్ళు ఒకరున్నారన్న ధైర్యంతో ఐదేళ్ళు గడిపింది. ఇప్పుడు ఆ ఒక్కరు కూడా లేరు.

సరిగ్గా అప్పుడు గోడ అవతల పంపు తిప్పిన చప్పుడైంది. దాని వెంట గాజు గిన్నెల గలగల, ఆ గలగల మీద గొంతెత్తి ఎవరినో తిడుతున్న పిన్ని.

పిన్నంటే గాజుసామాను కడిగే ఆవిడ. గుంట పడిన గోడకి అవతలే ఆవిడ కడుగుడు తొట్టి. ఇరవయ్యేళ్ళ కిందట ఆ తొట్టి అక్కడ లేదు.

పిల్ల ఇక ఆలోచించలేదు. కొత్తమ్మాయిని పంపి పిన్నిని బయటికి లాక్కురమ్మంది. ఆవిడ ఊరికే వస్తుందా? చేతులకి రబ్బరు తొడుగులు, ఆ తొడుగుల నిండా నురగ, సబ్బు పెట్టిన గాజు ఆరిపోతే మళ్ళీ మీ అమ్మ వచ్చి తోముతుందా అని అరుచుకుంటూ, కొత్తమ్మాయి చెయ్యి పట్టి లాగుతుంటే వరండాలోంచి వెళ్ళింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి చూసింది. బాబాయి చెప్పుల్లేకుండా నిలబడి ఉండడం చూసింది. నోరు మూసింది. నడిచింది.

"బ్రేకు వేస్తాను" అంది సరాక్క.

"నీ సరుకు..."

"పోనీండి బాబాయ్."

ఆయన నన్ను వెయ్యనీ, నువ్వు బయటికి పో అన్నాడు. బటన్ వైపు చెయ్యి చాపాడు. ఆమె ఆయన చేతిని పక్కకి జరిపి, బ్రేకు మీట తిప్పి, ఎర్ర బటన్ నొక్కింది. నాలుగేళ్ళ పనిని నొక్కెయ్యడానికి వేలికి ఎంతసేపు పడుతుందనుకున్నారు? ఈగని తోలినంత సేపు.

అంకెలు దిగడం మొదలుపెట్టాయి. ఇద్దరూ మూలనున్న ఇనుప అలమార వెనక్కి చేరారు. ఇరవైవేలు. బాబాయి పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడో ఇంకేం చేస్తున్నాడో. పన్నెండువేలు. ఆరువేలు. రెండువేలు.

వెయ్యి దగ్గర అది వచ్చింది. ముందు చప్పుడు కాదు, నేల. అరికాళ్ళ కింద నేల బరబరలాడింది. తర్వాత మిషను గొంతు మారింది, సన్నటి మోత పోయి, గోతాంలో రాళ్ళేసి కొట్టినట్టు ధడ్ ధడ్ మని పట్టుకుంది. బల్ల మీద లాగ్ బుక్కు దానంతటదే జరిగింది, దాని మీద కలం దొర్లుకుంటూ వచ్చి కింద పడింది. అలమారలో సీసాలన్నీ ఒక్కసారి పళ్ళు కొరికాయి. బాబాయి తన పనిచేసే చెవిని అరచేత్తో మూసుకున్నాడు. ఎదురుగా గోడ మీద క్యాలెండరు ఊగింది, ఊగింది, మేకు నుంచి జారి ముఖం బోర్లా పడింది. గుంట నోరు తెరుచుకుని వాళ్ళకేసి చూసింది.

ఆ చూపుని పిల్ల జన్మలో మరచిపోలేదు. కళ్ళు మూసుకుందామనుకుంది, రెప్పలు వాలలేదు.

అంతలో, పట్టుకున్నవాళ్ళెవరో వదిలేసినట్టు, ధడ్ ధడ్ ఆగింది. ఏడువందలు. నాలుగువందలు. అరవై. సున్నా.

ఆ నిశ్శబ్దంలో బాబాయి గోడని ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు వస్తుంటే తుడుచుకోవడం కూడా మరచిపోయాడు. వరండాలోంచి పిన్ని, ఏమయిందే, బతికున్నారా చచ్చారా, ఒక ముక్క చెప్పి ఏడవండి అంది. ఆ తిట్టు విన్నాక గానీ సరాక్కకి ఊపిరి ఆడలేదు.

తిరిగేటప్పుడు లోపలి గాలంతా లాగేసి ఉంటుంది కదా, ముందు మిషను లోపలికి గాలి వదిలారు. బుస్సుమంది. మూత తీశారు. రోటరు చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది, తనకేమీ తెలియనట్టు. ఆమె ట్యూబులు ఒక్కొక్కటే తీసి వెలుతురుకి పట్టుకుంది. మొదటిది, మబ్బు నీళ్ళు. రెండోది, మబ్బు నీళ్ళు. మూడోది చూడక్కర్లేదు, అయినా చూసింది. పొరా లేదు, గీతా లేదు. అంతా ఒకటే కలగాపులగం.

అయిపోయింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. కొత్తమ్మాయి వచ్చి వెనకాల నిలబడి వెక్కుతోంది. దాన్ని ఊరుకోమని చెప్పడానికి కూడా నోరు రాక, ఊరికే చేతికి పని కావాలని, నాలుగో ట్యూబు, ఆ ఉత్తి నీళ్ళది, బయటికి తీసింది.

వెలుతురుకి పట్టుకుంది. అలాగే ఉండిపోయింది.

నీళ్ళ ట్యూబులో అడుగున, పెసరగింజంత, తెల్లగా, ముద్దగా ఏదో అంటుకుని ఉంది.

నీళ్ళని ఎంత తిప్పినా నీళ్ళే. అందులోంచి ఏం కిందికి దిగుతుంది? ఆ తెలుపు ఆమెకి తెలుసు. నాలుగేళ్ళుగా తెలుసు. తన సరుకుని పాకం లేకుండా ఉత్తినే తిప్పితే అడుక్కి చేరేది సరిగ్గా ఆ తెలుపే.

"ఈ నీళ్ళు ఎక్కడివి?"

కొత్తమ్మాయి ముక్కు చీదుకుంటూ చెప్పింది. మన సీసాలో నీళ్ళు అయిపోయాయని, మీరు మేడమ్ దగ్గరికి వెళ్ళారు కదా, అడగడానికి ఎవరూ లేక, మేడమ్ గది బయటుండే చిన్న ఫ్రిజ్‌లో చూశానని. కింది అరలో వెనకాల నల్లసీసా ఒకటి ఉంది, మీద నీళ్ళు అని రాసి ఉంది, తెచ్చానని. తప్పా అక్కా అంది.

ఆ సీసా ఇంకా తూకం బల్ల మీదే ఉంది. పిల్ల వెళ్ళి తీసుకుంది. చల్లగా ఉంది, చెమట పట్టి ఉంది. మీద చీటీ, ఊదారంగు సిరాతో, నీళ్ళు. ఆ ల్యాబులో ఊదారంగు సిరా వాడేది మేడమ్ ఒక్కరే. చెమటకి చీటీ ఒక మూల లేచి ఉంది. గోటితో లాగింది. తేలిగ్గా వచ్చేసింది.

కింద ఇంకో చీటీ. రాత తనదే. పదమూడు. పక్కన చిన్న చుక్క.

పారబోశామన్న పదమూడు. భుజం తట్టి మరీ చెప్పిన పదమూడు. సీసా ఊపితే లోపల సగానికి పైనే కదిలింది. ఆమె సీటు, ఆమె ఐదేళ్ళు, ఆ కదలికలో ఉన్నాయి. సంతోషపడబోయి ఆగింది. అంటే ఫ్రీజరు దానంతటది ఆగలేదా? గంట మోగకపోవడం...

నేల మీద కూర్చున్న బాబాయి అప్పుడే లేవబోయి, లేవలేక ఆగాడు. ఆయన చూపు ఆమెని దాటి గుమ్మం వైపు పోయింది. వరండాలో పిన్ని తిట్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. మడమల చప్పుడు, తొందరలేని నడక, గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

గైడు మేడమ్ గోడలో గుంట వైపు చూడలేదు. తెరిచిన మిషను వైపు చూడలేదు. పిల్ల చేతిలో సీసాని, వేలికి అంటుకుని ఉన్న ఊదారంగు చీటీని చూసింది. మెత్తగా నవ్వింది. ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ నోట రాని మాట అంది.

"ఏమ్మా, అంతా సరా?"